మొక్కలు పెంచే మంచినీటి అక్వేరియంలో పాచి నియంత్రణ: కోనసీమ నీటి పరిస్థితుల దృష్ట్యా

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కొత్తపేట మండలంలోని పలివెల, గోదావరి మధ్య డెల్టాలో కాలువ నీటి మీద ఆధారపడిన గ్రామాలలో ఒకటి. ఇక్కడి రైతుకు పాచి కొత్త విషయం కాదు. నాట్లు వేసిన వరి మడిలో, చేపల చెరువు అంచున, మంచినీటి చెరువు మెట్లమీద అది ఏటా కనిపిస్తూనే ఉంటుంది. ప్రతి చోటా దానికి అలవాటైన మందు ఒకటి ఉంది. ఆ మందులు అమ్మే దుకాణం కూడా దగ్గరలోనే ఉంటుంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి స్థాయి అలంకరణ చేపల యూనిట్లకు సహాయం లభిస్తున్నందున, డెల్టా గ్రామాల యువత, మహిళా సంఘాలు గాజు తొట్టెల వైపు చూడడం సహజం. చేపలతోపాటు నీటి మొక్కలను పెంచి అమ్మితే ఆదాయం మరికొంత పెరుగుతుంది. అయితే తొట్టె పెట్టిన మొదటి నెలలోనే పాచి పడుతుంది. అప్పుడు చెరువుకు వాడే మందునే గాజు తొట్టెలో వేస్తే చేపలు, మొక్కలు రెండూ పోతాయి. పాచి మాత్రం కొన్ని వారాలలో తిరిగి వస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో, మన ప్రాంతపు నీటికి తగిన మార్గమేదో విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పదాల విషయం. శాస్త్ర పరిభాషలో శైవలాలు అనే వాటిని వాడుకలో పాచి అని, నాచు అని అంటారు. కొన్నిచోట్ల హైడ్రిల్లా వంటి నిజమైన నీటి మొక్కలను కూడా నాచు అనే పిలుస్తారు. కనుక ‘తొట్టెలో నాచు పెరిగింది’ అని ఎవరైనా చెప్పినప్పుడు, సలహా ఇచ్చేముందు ఆ నాచును కళ్లారా చూడడం, కనీసం ఛాయాచిత్రం తెప్పించుకోవడం అవసరం. ఈ వ్యాసంలో పాచి అన్నప్పుడల్లా శైవలాలనీ, వాటితోపాటు వాడుకలో పాచిగానే చెలామణి అయ్యే సైనోబాక్టీరియానూ ఉద్దేశించడమైనది.

వరి మడిలో జరిగేదే తొట్టెలోనూ

నాట్లు వేసి, భాస్వరపు ఎరువు చల్లిన తొలి వారాలలో మడి నీటిపై పాచి తెట్టుగా తేలడం డెల్టా రైతులందరికీ తెలుసు. అప్పటికి పైరు ఇంకా నిలదొక్కుకోలేదు. నీటిపై ఎండ నేరుగా పడుతుంది, పోషకాలు పుష్కలంగా ఉంటాయి. పైరు పిలకలు వేసి మడిని కమ్ముకున్న తరువాత అదే నీటిలో, అదే ఎరువుల మధ్య పాచి దానంతటదే సన్నగిల్లుతుంది. నీటిలో భాస్వరం పూర్తిగా హరించుకుపోవడం దీనికి కారణం కాదు. వెలుతురును పైరు ముందుగా అందుకుంది, పోషకాలలో పెద్ద వాటాను వేళ్లతో తీసుకుంది, పాచికి చోటు లేకుండా పోయింది.

మొక్కల అక్వేరియంలోనూ జరిగేది ఇదే. కొత్తగా అమర్చిన తొట్టెలో మొక్కలు తక్కువగా ఉంటాయి, పైగా నాటిన దెబ్బనుంచి తేరుకుంటూ ఉంటాయి. వడపోత పరికరంలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఇంకా స్థిరపడదు. దీపం మాత్రం మొదటి రోజునుంచే పూర్తి స్థాయిలో వెలుగుతుంది. ఏకకణ జీవులైన శైవలాలు అనుకూల పరిస్థితులలో రోజుకొకసారి రెట్టింపు కాగలవు. మొక్క ఒక కొత్త ఆకు వేయడానికే కొన్ని రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో పాచిదే పైచేయి.

నిస్సార సరస్సుల విషయంలో మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు 1993లో వివరించిన ద్వంద్వ స్థితి సిద్ధాంతం ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. ఒకే స్థాయి పోషకాలున్న రెండు నీటి వనరులలో ఒకటి నీటి మొక్కలతో నిర్మలంగాను, మరొకటి శైవలాలతో పచ్చగాను స్థిరపడవచ్చు. ఒక స్థితిలో కుదురుకున్న నీటిని రెండవ స్థితికి మార్చడానికి పోషకాలను కొద్దిగా తగ్గించినంత మాత్రాన చాలదు. మొక్కల సమూహాన్ని నిలబెట్టాలి. అక్వేరియంలో పాచి నియంత్రణ అంటే మొక్కలను ఏపుగా పెంచడమే అన్న మాటకు శాస్త్రీయ ఆధారం ఇదే.

భాస్వరంపై జరిగిన చర్చ

సరస్సుల పరిశోధనలో భాస్వరమే ప్రధాన దోషి అన్న నిర్ణయానికి గట్టి ఆధారాలున్నాయి. కెనడాలోని ప్రయోగాత్మక సరస్సుల ప్రాంతంలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విభజించి, ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే, రెండవ భాగంలో వాటికి తోడు భాస్వరం కలిపింది. భాస్వరం కలిపిన భాగం పచ్చబడింది, రెండవది నిర్మలంగా ఉండిపోయింది. డిటర్జెంట్లలో భాస్వరంపై ఆంక్షలకు బలం చేకూర్చిన ప్రయోగాలలో ఇదొకటి.

ఈ ఆలోచననే అక్వేరియంకు అన్వయిస్తూ పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ 1996లో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. నత్రజని, పొటాషియం, ఇనుము వంటివన్నీ మొక్కలకు సమృద్ధిగా ఇచ్చి భాస్వరాన్ని మాత్రం కొరతగా ఉంచితే, మొక్కలు ఉన్న కొద్ది భాస్వరాన్నీ లాగేసుకొని పాచిని పస్తు పెడతాయన్నది వారి వాదన. చాలామంది ఈ పద్ధతితో మంచి ఫలితాలు పొందారు. అయితే తరువాతి సంవత్సరాలలో టామ్ బార్ ఇందుకు విరుద్ధమైన అనుభవాన్ని ముందుకు తెచ్చాడు. మొక్కలు దట్టంగా ఉండి, బొగ్గుపులుసు వాయువు తగినంతగా అందుతున్న తొట్టెలో లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు ఉన్నా పాచి రాలేదు. మొక్కలకు ఏ పోషకమూ కొరత కాకుండా వేసి, వారానికొకసారి సగం నీటిని మార్చే పద్ధతి ఆయనది.

ఈ రెండూ పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. నిశితంగా చూస్తే రెండింటిలోనూ విజయానికి కారణం ఒకటే: నత్రజని, పొటాషియం, ఇనుము అందిన మొక్కలు బలంగా పెరగడం. సియర్స్, కాన్లిన్‌ల తొట్టెలలో పాచి తగ్గడానికి భాస్వరపు కొరత ఎంత కారణమో, అంతకుముందు ఆకలితో ఉన్న మొక్కలకు మిగిలిన పోషకాలు అందడమూ అంతే కారణమని భావించవచ్చు.

చేపలున్న తొట్టెలో భాస్వరాన్ని కొరతగా ఉంచడం ఎంత కష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. 100 లీటర్ల తొట్టెలో రోజుకు 1 గ్రాము మేత వేస్తున్నామనుకుందాం. మేతలో భాస్వరం 1 శాతం ఉంటే రోజుకు 10 మిల్లీగ్రాములు. అందులో చేప శరీరంలో నిలిచేది పోగా మిగిలినది నీటిలోకే వస్తుంది. అంతా వచ్చిందనుకుంటే ఫాస్ఫేటు రూపంలో లీటరుకు రోజుకు 0.3 మిల్లీగ్రాములు, వారానికి 2 మిల్లీగ్రాములకు పైమాటే. అందులో సగమే వచ్చినా పాచి అవసరానికి అది ఎన్నో రెట్లు ఎక్కువ. 35 శాతం మాంసకృత్తులున్న అదే మేతలో నత్రజని సుమారు 56 మిల్లీగ్రాములు. అంతా నైట్రేటుగా మారితే లీటరుకు రోజుకు 2.5 మిల్లీగ్రాములు. అంటే చేపల తొట్టెలో నత్రజని, భాస్వరాలు మేత రూపంలో వస్తూనే ఉంటాయి. కొరత పడేవి సాధారణంగా పొటాషియం, ఇనుము, అన్నిటికన్నా ముఖ్యంగా కర్బనం. పాచి కనిపించగానే ఎరువు వేయడం పూర్తిగా మానేయమని చెప్పే సలహా ఇందువల్లనే తరచు ఎదురు తిరుగుతుంది. మానేసిన ఎరువులోని పొటాషియం, ఇనుము లేక మొక్క నీరసించిపోతుంది. మేతలోంచి వచ్చే భాస్వరంతో పాచి మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కర్బనం, వెలుతురు, మన నీరు

నీటిలో బొగ్గుపులుసు వాయువు వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, గాలితో సమతౌల్యంలో ఉన్న నీటిలో అది లీటరుకు అర మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది. మొక్కకు అసలు ఇబ్బంది ఇక్కడే. క్షారత, పీహెచ్ తెలిస్తే నీటిలోని బొగ్గుపులుసు వాయువును లెక్కకట్టవచ్చు. కాల్షియం కార్బొనేటుగా లీటరుకు 120 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీటిలో పీహెచ్ 8 ఉంటే, ఆ వాయువు 2 మిల్లీగ్రాములకు మించదు. పట్టపగలు మొక్కలు, పాచి కలిసి దానిని లాగేసుకోగా పీహెచ్ 8.5కు చేరితే మిగిలేది అర మిల్లీగ్రాము కన్నా కొంచెం ఎక్కువ. కర్బనం అందని మొక్కపై ఎంత ప్రకాశవంతమైన దీపం వెలిగించినా ఆ వెలుతురు పాచికే ఉపయోగపడుతుంది.

హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం వంటి మొక్కలు బైకార్బొనేటు నుండి కూడా కర్బనాన్ని తీసుకోగలవు. క్షారత గల నీటిలో వాటికి ఇది పెద్ద ఆధిక్యం. నీటి నాచుమొక్కలకు, ఎర్రని ఆకులతో ఆకర్షించే చాలా రకాల కాండపు మొక్కలకు ఆ శక్తి లేదు. నగరాల దుకాణాలలో కనిపించే అందమైన రకాలతో ప్రారంభించి, పాచితో విసిగిపోయి తొట్టెను అటకెక్కించే బదులు, మన కాలువల్లో తూడుగా ఏరి పారవేసే మొక్కలతోనే మొదలుపెట్టడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. డెల్టా నీటికి వాటిని మించి అలవాటుపడిన మొక్కలు లేవు.

అయితే వాటిని సేకరించడంలో జాగ్రత్త అవసరం. కలుపుమందుల అవశేషాలు చేరే మురుగు కాలువలనుండి కాక పంట కాలువ ఎగువ భాగం నుండి తీసుకోవాలి. లేత గులాబి రంగు వచ్చేటంతగా పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, శుభ్రంగా కడిగి, వేరే తొట్టెలో రెండు వారాలు గమనించిన తరువాతనే వాడాలి. మొక్కలతో వచ్చే నత్తల విషయంలో ఉపేక్ష తగదు. మన కాలువల్లో సాధారణంగా కనిపించే ఇండోప్లానార్బిస్ జాతి నత్త, పశువులలో ముక్కు గురక వ్యాధిని కలిగించే షిస్టోసోమా పరాన్నజీవికి మధ్యంతర ఆతిథేయి. ‘పాచిని తింటుంది కదా’ అని కాలువ నత్తలను ఏరి తొట్టెలో వేయమనే సలహా ఇవ్వకూడదు.

గ్రామ స్థాయిలో సిలిండరు ద్వారా బొగ్గుపులుసు వాయువు ఇవ్వడం ఖర్చుతో కూడిన పని. పంచదార, ఈస్టు కలిపిన సీసాతో ఇచ్చే పద్ధతి చవకైనదే గాని, మన వేసవిలో పులియడం మొదట ఉధృతంగా సాగి కొద్ది రోజులలోనే చల్లారిపోతుంది. ఈ హెచ్చుతగ్గులు పాచికి, ముఖ్యంగా నల్ల గడ్డం పాచికి, మరింత అనుకూలం. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటితే చేపలకు ప్రమాదం. అందువల్ల అనుభవం లేనివారు వాయువు జోలికి పోకుండా వెలుతురును తగ్గించుకోవడమే క్షేమం. డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రచురించిన గ్రంథంలో వివరించిన పద్ధతి ఈ దిశలోనిదే. అడుగున అంగుళం మందాన మట్టి, దానిపై అంగుళం ఇసుక పరిచి, మొదటి రోజే మొక్కలను దట్టంగా నాటడం దాని సారాంశం. మట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్లుతూ బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. మనకు గోదావరి ఒండ్రు మట్టి సరిపోతుంది. ఎరువులు వేసిన పొలం మట్టి, పశువుల ఎరువు కలిసిన మట్టి మాత్రం పనికిరావు. వాటినుండి వెలువడే అమ్మోనియా మొదటి వారంలోనే తొట్టెను పాడుచేస్తుంది. పీహెచ్ 8, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో ఏడున్నర శాతం విషపూరితమైన స్వేచ్ఛా రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 వద్ద అది ఒక శాతం కూడా ఉండదు.

వెలుతురు రోజుకు 6 నుండి 8 గంటలు చాలు. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు వెలిగించి మధ్యలో మూడు నాలుగు గంటలు ఆపితే, ఆ విరామంలో బొగ్గుపులుసు వాయువు మళ్లీ కొంత పేరుకుంటుంది. చవకైన టైమరు ఒకటి అమర్చుకోవడం ఏ మందు కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. తొట్టెపై నేరుగా ఎండ పడకూడదు. మధ్యాహ్నపు ఎండ తీవ్రత లక్ష లక్సుల వరకు ఉంటుంది, గది లోపల కిటికీకి దూరంగా అది కొన్ని వందలే. వసారాలో, పడమటి కిటికీ పక్కన పెట్టిన తొట్టెకు దీపం అదనపు అలంకారమే తప్ప దాని పాచిని నిర్ణయించేది సూర్యుడే.

ఇక నీటి మార్పిడి. పుస్తకాలలో వారానికి సగం నీరు మార్చమని ఉంటుంది. ఏ నీటితో అన్నది డెల్టాలో కాలాన్నిబట్టి మారుతుంది. వానకాలంలో కాలువకు వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు రేణువులకు భాస్వరం అంటుకొని ఉంటుంది. ఆ నీటిని తేర్చకుండా తొట్టెలో పోయరాదు. గోదావరి గ్రామాలలో ఇండుపు గింజ అరగదీసి కలపడం, పటిక తిప్పడం పాత అలవాట్లే. రెండూ రేణువులను అడుగుకు దింపుతాయి. పటికలోని అల్యూమినియం కరిగిన ఫాస్ఫేటును కూడా కొంత పట్టుకుంటుంది. సరస్సుల పునరుద్ధరణలో దానిని ఇందుకే వాడతారు. కాని పటిక నీటి క్షారతను తగ్గిస్తుంది కాబట్టి వేరే పాత్రలో తేర్చి, పైనీరు మాత్రమే తీసుకోవాలి. చేపలున్న తొట్టెలో నేరుగా తిప్పకూడదు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ముందుగా నింపి ఉంచిన చెరువు నీరే ఆధారం. అది మే నాటికి తరచు పచ్చబడుతుంది. పచ్చనీటితో నీటి మార్పిడి చేయడమంటే పాచి విత్తనం చల్లినట్లే. బోరు నీరు వాడేవారు సముద్రం వైపు గ్రామాలలో లవణీయతను తప్పక పరీక్షించుకోవాలి. బోరు నీటిలో ఇనుము ఎక్కువగా ఉంటే ఒక రోజు గాలి ఆడనిచ్చి, తుప్పు రంగు మడ్డి దిగిన తరువాత వాడాలి. మంచినీరు దొరకని వారాలలో నీరు మార్చడం కన్నా మేత తగ్గించడం, దీపం రెండు గంటలు తగ్గించడం సరైన మార్గం. వేసవిలో తొట్టె నీరు 32 డిగ్రీలు దాటినప్పుడు సైనోబాక్టీరియాకు మరింత బలం వస్తుంది, మొక్కల శ్వాసక్రియ పెరిగి ఎదుగుదల తగ్గుతుంది. దానికి తోడు విద్యుత్ కోత వస్తే వడపోతలోని బాక్టీరియాకు ప్రాణవాయువు అందదు.

పాచిని చూసి కారణం గ్రహించడం

కొత్త తొట్టెలో గాజుపై, ఆకులపై వచ్చే గోధుమరంగు పొర డయాటమ్‌లది. తుడిస్తే పోతుంది, కొన్ని వారాలలో దానంతటదే తగ్గుతుంది. దీనికి ఏ చికిత్సా అక్కర్లేదు. గాజుకు గట్టిగా పట్టుకున్న ఆకుపచ్చ చుక్కలు వెలుతురు ఎక్కువై, భాస్వరం మరీ తక్కువైన తొట్టెలలో కనిపిస్తాయన్నది అనుభవజ్ఞుల మాట, బ్లేడుతో గీకివేయాలి. స్పైరోగైరా, ఈడోగోనియం, క్లాడోఫోరా వంటి దారపు పాచిని పాత పళ్ల బ్రష్షుకు చుట్టి తీసివేయవచ్చు. ఇలా తీసిన ప్రతిసారీ దానిలోని నత్రజని, భాస్వరాలు కూడా తొట్టె బయటకు పోతాయి. మందుతో చంపితే అవి తిరిగి నీటిలోనే కలుస్తాయి. చేతితో తీయడం మొరటు పనిగా తోచినా శాస్త్రీయంగా అదే మెరుగైనది.

నీరంతా పచ్చబడితే అది తేలియాడే ఏకకణ శైవలాల పని. ఆ కణాలు కొన్ని మైక్రానుల పరిమాణమే కాబట్టి మామూలు స్పాంజి వడపోత వాటిని ఆపలేదు. సగం నీరు మార్చినా ఒకటి రెండు రోజులలో మళ్లీ అంతే అవుతుంది. తొట్టెను నల్లగుడ్డతో కప్పి మూడు నాలుగు రోజులు చీకటిలో ఉంచడం, లేదా అతినీలలోహిత దీపం గల పరికరం వాడడం ఫలిస్తుంది. చీకటిలో ఉంచినన్ని రోజులు గాలి పంపు ఆగకూడదు.

ఆకుల అంచులకు నల్లని కుచ్చులా పట్టుకునే గడ్డం పాచి నిజానికి ఎర్ర శైవలాల వర్గానికి చెందిన ఆడుయినెల్లా. సారాయిలో వేస్తే దాని ఆకుపచ్చ వర్ణకం కరిగిపోయి ఎర్రదనం బయటపడుతుంది. విద్యార్థులకు చూపించదగిన సులభ ప్రయోగమిది. నెమ్మదిగా పెరిగే అనుబియాస్ వంటి మొక్కల ముదురు ఆకులు దీనికి ప్రియం. పట్టిన ఆకులను కత్తిరించడమే ఉత్తమం.

నీలి ఆకుపచ్చ రంగులో, పొరలు పొరలుగా లేచి, మట్టి వాసన వేసేవి సైనోబాక్టీరియా. అక్వేరియంలో తరచు కనిపించేది ఆసిల్లటోరియా. వరి పొలానికి పచ్చిరొట్టగా వేసే అజొల్లా ఆకులలో ఉండి గాలిలోని నత్రజనిని స్థిరీకరించే అనబీనా కూడా ఈ వర్గానిదే. నీటి కదలిక లేని మూలలు, అడుగున పేరుకున్న మడ్డి, నైట్రేటు బాగా తగ్గిపోవడం దీనికి దారితీస్తాయి. గొట్టంతో పొరలను పీల్చివేసి, నీటి కదలిక పెంచి, చీకటి చికిత్స చేస్తే తగ్గుతుంది. కొందరు దీనికి ఎరిత్రోమైసిన్ వేయమని సూచిస్తారు. అది పనిచేసే మాట నిజమే. కాని ఆ నీరు చివరికి మురుగు కాలువలోకే చేరుతుంది. యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా రొయ్యల ఎగుమతులు తిరస్కరణకు గురైన అనుభవం ఉన్న కోస్తా జిల్లాలలో, గాజు తొట్టె అందం కోసం మనుషుల మందును నీటిలో కలపమని విస్తరణ శాస్త్రవేత్త చెప్పజాలడు.

మైలతుత్తం గురించి

పాచికి డెల్టా రైతు మొదట తలచుకునే మందు మైలతుత్తం. వరి మడిలో నీరు వచ్చే చోట గుడ్డమూటలో కట్టి ఉంచడం అలవాటు. చేపల చెరువులలో నీటి క్షారతను వందతో భాగిస్తే వచ్చే సంఖ్యే లీటరుకు వేయదగిన మిల్లీగ్రాముల మోతాదు అన్నది ప్రామాణిక సూత్రం. క్షారత 50 కన్నా తక్కువ ఉంటే అసలు వాడరాదు. ఈ సూత్రాన్ని 100 లీటర్ల తొట్టెకు అన్వయించి చూద్దాం. క్షారత 120 అయితే మోతాదు లీటరుకు 1.2 మిల్లీగ్రాములు, తొట్టె మొత్తానికి 120 మిల్లీగ్రాములు. అది చిటికెడులో అల్పభాగం. వంటింటి చెంచాతో 5 గ్రాములు వేస్తే 40 రెట్లు మించిన మోతాదు పడినట్లు. ఎకరం చెరువులో చేతి అంచనా కొంత తప్పినా నీటి పరిమాణం దానిని సర్దుకుంటుంది. గాజు తొట్టెకు ఆ వెసులుబాటు లేదు. సరైన మోతాదు వేసినా రొయ్యలకు, నత్తలకు రాగి ప్రాణాంతకం. సున్నితమైన నీటి మొక్కలకూ హానికరమే. చచ్చిన పాచి కుళ్లి రాత్రివేళ ప్రాణవాయువును హరిస్తుంది. రాగి అడుగు ఇసుకలో, మట్టిలో నిలిచిపోతుంది. మొక్కలు పెంచే తొట్టెకు మైలతుత్తాన్ని సిఫారసు చేయకపోవడమే సబబు.

రసాయనం తప్పనిసరి అయిన చోట మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడును పరిమితంగా వాడవచ్చు. అది నీరు, ప్రాణవాయువుగా విడిపోయి అవశేషం మిగల్చదు. వడపోతను కాసేపు ఆపి, సిరంజితో పాచి ఉన్న చోటనే నెమ్మదిగా వదలాలి. మొత్తం మీద 4 లీటర్ల తొట్టె నీటికి 1 మిల్లీలీటరు మించరాదు. వాలిస్నేరియా, నీటి నాచుమొక్కలు దీనిని సరిగా తట్టుకోలేవు. మార్కెట్లో ‘ద్రవ కర్బనం’ పేరుతో అమ్మే సీసాలలో ఉండేది గ్లూటరాల్డిహైడు సంబంధ పదార్థం. ఆసుపత్రి పరికరాలను శుద్ధిచేసే రసాయనమది. పేరును చూసి ఎరువని భ్రమపడకుండా, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోరాదని వినియోగదారులకు చెప్పాలి.

పాచి కమ్మిన తొట్టెను దారికి తెచ్చేటప్పుడు వరుస ముఖ్యం. మొదట చేతితో వీలైనంత తీసివేయాలి. పాడైన ఆకులు కత్తిరించాలి. వడపోత స్పాంజిని కుళాయి నీటితో కాక తొట్టె నీటితోనే పిండాలి, లేకుంటే అందులోని బాక్టీరియా నశిస్తుంది. తేరిన నీటితో సగం నీరు మార్చి, దీపాన్ని 6 గంటలకు తగ్గించాలి. మేత రెండు మూడు నిమిషాలలో చేపలు తినగలిగినంతే వేయాలి. తరువాత తొట్టె అడుగు భాగంలో నాలుగింట మూడు వంతులు నిండేలా త్వరగా పెరిగే మొక్కలు నాటాలి. వాటితోపాటు నీటిపై తేలే అంతరతామర, సాల్వీనియా వంటివి కొన్ని వేస్తే ఫలితం వేగంగా కనిపిస్తుంది. తేలే మొక్క కర్బనాన్ని నేరుగా గాలినుండి తీసుకుంటుంది కనుక నీటిలోని కర్బన కొరత దానికి అడ్డుకాదు. వేళ్లు నీటిలోని నత్రజని, భాస్వరాలను పీలుస్తాయి, ఆకులు కింది భాగానికి నీడనిస్తాయి. వారానికొకసారి సగం తీసివేస్తూ ఉండాలి. ఇన్ని చేసినా మార్పు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ వ్యవధిలో రోజుకొక మందు మార్చడం వల్లనే చాలా తొట్టెలు పాడవుతాయి.

పాచి తినే చేప, పంట కాలువ

పాచికి మందు వద్దంటే దుకాణదారు సాధారణంగా ఇచ్చేది ‘ట్యాంక్ క్లీనర్’ లేదా ‘సక్కర్’ చేప. ఇది దక్షిణ అమెరికాకు చెందిన టెరిగోప్లిక్థిస్ జాతి. కొన్నప్పుడు వేలెడంత ఉండి గాజును శ్రద్ధగా శుభ్రం చేస్తుంది. ఎదిగేకొద్దీ పాచిని వదిలి మిగిలిన మేతకు అలవాటుపడుతుంది, మొక్కలను పెకలిస్తుంది, నలభై సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. అంత చేపను 100 లీటర్ల తొట్టెలో ఉంచలేక, చంపడానికి మనసొప్పక, యజమాని దానిని దగ్గరలోని కాలువలో వదిలివేస్తాడు. జాలితో చేసిన ఆ పనికి మూల్యం చెల్లించేది మత్స్యకారులు. ఈ జాతి చేపలు నేడు మన రాష్ట్రంలో కృష్ణా, గోదావరి నీటి వనరులలో స్థిరపడ్డాయి. దెయ్యం చేప, రాకాసి చేప అని పత్రికలలో చదివేది దీనినే. గట్టి ముళ్ల రెక్కలతో వలలు చించుతుంది. ప్రాణవాయువు తక్కువైన నీటిలోనూ గాలి మింగి బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి గట్లలో లోతైన బొరియలు తవ్వుతుంది. మట్టి గట్ల కాలువలే ఆధారమైన మధ్య డెల్టాకు ఈ చివరి లక్షణం ప్రత్యేకంగా ఆందోళన కలిగించవలసినది. 19వ శతాబ్ది చివర అలంకరణ మొక్కగా బెంగాల్‌కు వచ్చిన గుర్రపుడెక్కను ఇప్పటికీ ఏటా మన కాలువలనుండి తొలగిస్తున్నామని గుర్తుంచుకుంటే, ఈ చేపను సిఫారసు చేయడానికి మనసు రాదు.

పాచి తినే సహాయకులు కావాలనుకుంటే మోలీ చేపలు చాలావరకు పనికివస్తాయి. నెరైట్ నత్తలు గాజును శుభ్రంగా ఉంచుతాయి. వాటి పిల్లలకు ఉప్పునీరు అవసరం కాబట్టి మంచినీటి తొట్టెలో అవి విపరీతంగా పెరిగిపోవు. జపాను అక్వేరియం కళాకారుడు తకాషి అమానో (1954–2015) ప్రచారంలోకి తెచ్చిన కారిడినా రొయ్యలు దారపు పాచిని బాగా తింటాయి గాని, మన వేసవి వేడిని అంతగా తట్టుకోలేవు. ఏ సహాయకుడైనా పాచి వచ్చే కారణాన్ని తొలగించదు; ఉన్న పాచిని మలంగా మార్చి అదే నీటిలో వదులుతుంది.

కత్తిరించిన మొక్కలను, తీసివేసిన అంతరతామరను కూడా కాలువలోకి, డ్రెయినులోకి విసరకూడదు. గట్టుమీద వేసినా వర్షానికి నీటిలోకి చేరతాయి. రెండు మూడు రోజులు ఎండలో పూర్తిగా ఆరనిచ్చి కొబ్బరి పాదులలో వేస్తే అందులోని పోషకాలు తోటకే దక్కుతాయి. మైలతుత్తం వంటి మందులేవీ కలపని తొట్టె నీటిని కరివేపాకు, అరటి మొదళ్లకు పోయవచ్చు. అలంకరణ చేపల యూనిట్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు తొట్టె అమరికతోపాటు ఈ పారవేత పద్ధతిని కూడా మొదటి రోజే చూపించాలి. తొట్టె మూసివేయదలచినవారు చేపలను మరొక పెంపకందారుకు ఇవ్వాలి, లేదా కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వాలి.